బందరుకోట దండు లెక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు మొదట వెనుకంజ వేసితిని. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. నా వృత్తి గ్రామపు లెక్కలు వ్రాయుట. మా తాతగారు ఈ ఊరికి కరణము. మా నాయనగారు 1984లో కరణీకములు రద్దగువరకు ఆ పనియే చేసిరి. నేడు నేను గ్రామ రెవిన్యూ అధికారి యను పేరుతో అవే అడంగలులను, అవే సర్వే నంబరులను మోయుచున్నాను. భారత భాగవతములు నాకు బడిలో అబ్బినవి కావు. ఈ గ్రంథాలయము తెరచిన నాటినుండి ఒక్కొక్క సంపుటము ఇంటికి గొనిపోయి, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, అర్థమైనంత అర్థము చేసికొన్నవాడను. కనుక నా మాటలలో తప్పులు దొరలినచో పండితులు మన్నింతురు గాక.

ఆరు నెలల క్రిందట ఈ పఠనమందిరములోనే మన ఉన్నత పాఠశాల బాలుడొకడు నా ప్రక్కన కూర్చుండి, "బాబాయిగారూ, మన వైపు ఎప్పుడైనా యుద్ధము జరిగినదా?" అని అడిగినాడు. నేను పుస్తకమునుండి తల యెత్తకయే, "మనది వ్యవసాయపు సీమ నాయనా, యుద్ధములు మనకెక్కడివి?" అంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఊరి మీదుగా పోవు బందరు రోడ్డు ఒక చివర బెజవాడలోను, ఒక చివర బందరులోను ఉన్నది. ఒకానొక వేసవిలో ఆ రెండు చివరల రెండు సైన్యములు విడిసి యుండెను. నడుమ ఉన్నది మనము. ఈ సంగతి తెలిసియుండియు పిల్లవానికి తప్పు చెప్పితిని. నేటి ఈ ప్రసంగము ఆ బాలునికి నేను బాకీపడిన సమాధానమని భావింపుడు.

సైన్యము యుద్ధమునకు ముందు చేరి, సరకులు కూర్చుకొని, జీతములు పంచుకొని, ముందునకు కదలుటకు సిద్ధపడు చోటును మన పూర్వులు స్కంధావారమనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రములో పదియవ అధికరణము ఈ స్కంధావార నివేశముతోనే ప్రారంభమగుచున్నది. వ్యాసభారతము ఉద్యోగపర్వములో పాండవుల సేన హిరణ్వతీనది యొడ్డున విడిసినప్పుడు శ్రీకృష్ణుడు అగడ్త త్రవ్వించుట, జీతమిచ్చి శిల్పులను వైద్యులను ఉంచుట, తేనె, నేయి, సజ్జరసము రాసులుగా పోయించుట చెప్పబడినవి. అగడ్త, జీతము, నేయి. బాణములకు ముందే మహర్షి వీనిని చెప్పెను. తెలుగులో మనకు దండు, విడిది, పాళెము అను మాటలున్నవి. నేను దండు అనియే వాడెదను. అది మన పల్లెలకు తెలిసిన మాట. దండు వచ్చిన దన్న పేరు వినినంతనే ధాన్యము పాతరలో దాచి, పశువులను లంకలకు తోలుకొనిపోయిన వారి సంతతివారము గదా!

బందరునకు పోయినవారు ఒక వింత గమనించియుందురు. ఆ పట్టణములో వలందపాలెమున్నది, పరాసుపేటయున్నది, ఇంగ్లీషుపాలెమున్నది. వలందులనగా హాలెండువారు, పరాసులనగా ఫ్రెంచివారు. గోలకొండ సుల్తానుల కాలమున అద్దకపు బట్టలకొఱకు మూడు జాతుల వర్తకులు మూడు చోట్ల దిగి, మూడు పేటలకు పేర్లు పెట్టి పోయిరి. ఇంగ్లీషువారు 1611లో వచ్చి దిగిరి. వలందులు వారికంటె ముందే వచ్చిరి. పరాసులు 1669లో వచ్చిరి. వచ్చినప్పుడు అందరి చేతిలోను ఉన్నది త్రాసే.

కోట మాత్రము పట్టణమునకు దూరముగా, సముద్రపు వైపున, ఉప్పుకయ్యల నడుమ నుండెను. ఒక ప్రక్క సముద్రపు పాయ. తక్కిన ప్రక్కల రొంపి. పట్టణమునుండి కోటకు పోవుటకు రొంపి మీద కట్టిన కట్టయే దారి. తీరమున లోతు తక్కువ గనుక ఓడలు మైళ్ళ దూరమున లంగరు దించవలెను. సరకును పడవలలోనికి మార్చి ఒడ్డు చేర్చవలెను. ఇంత అవస్థ ఉన్న చోట దండు నేల దించిరని మీరడుగవచ్చును. కారణము స్పష్టమే. ఆ రేవునుండి బెజవాడకు, బెజవాడనుండి హైదరాబాదునకు దారి ఉన్నది. మందుగుండు సముద్రము మీద రావలెను, జీతములు భూమి మీద వసూలు కావలెను. ఆ రెండును కలియు చోటు బందరు.

జీతముల మాట వచ్చినది గనుక అసలు సంగతికి వత్తును. ఫ్రెంచివారు 1750లో బందరును పట్టుకొనిరి. వారి సేనానియగు బుస్సీ హైదరాబాదులో సలాబతుజంగునకు అండగా సైన్యమును నిలిపెను. ఆ సైన్యమునకు జీతము లివ్వవలెను. నవాబు ఖజానాలో ధనము లేదు. అందుచే 1753లో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను సైన్యపు ఖర్చు నిమిత్తము బుస్సీకి వ్రాసి ఇచ్చిరి. ముస్తఫానగరనగా మన కొండపల్లి. పాఠ్యపుస్తకములలో దీనిని రాజ్యవిస్తరణ మందురు. కరణపు కంటితో చూచినచో ఇది జీతపు పట్టీకి జమకట్టిన జమాబందీ. కృష్ణ మొదలు గంజాము వరకు రైతు చెల్లించిన శిస్తు ఎక్కడో దక్కనులో తుపాకి పట్టినవాని బత్తాగా మారెను.

విజయనగర ప్రభువు ఆనందగజపతికి ఫ్రెంచివారిపై కినుక కలిగెను. బొబ్బిలి యుద్ధము తరువాతి కథ యది. దానిలోనికి నేను పోను, పోయినచో బొబ్బిలి కథయే వినవలెనని మీరు పట్టుబట్టుదురు. ఆయన కలకత్తాలోని క్లైవునకు వర్తమానమంపెను. క్లైవు లెఫ్టినెంటు కర్నలు ఫోర్డు అనువానిని సుమారు 500 మంది ఐరోపావారితోను, 2,000 మంది సిపాయిలతోను ఓడలమీద పంపగా, 1758 అక్టోబరులో విశాఖపట్టణమున దిగిరి. ఆ సిపాయిలను గూర్చి ఒక చిన్న మాట. ఆ కాలమున ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' అను పేరుండెను. కంపెనీవారి కవాతు నేర్చిన తొలి సిపాయిలు మన తీరమునుండి పోయినవారగుటచే ఆ పేరు కలిగెనందురు. ఊరు పేరు, ఇంటి పేరు పోయి, జాతి పేరే ఉద్యోగపు పేరైనది!

ఫోర్డునకును ఆనందగజపతికిని కుదిరిన ఒడంబడిక మన వృత్తివారు చదువదగినది. దండు ఖర్చు నెలకు 50,000 రూపాయలు, దొరల బత్తా నెలకు 6,000 రూపాయలు, వెరసి 56,000 రూపాయలు రాజుగారు చెల్లించవలెను. దోచిన సొమ్ము సగపాలు. రేవులు కంపెనీవి, లోపలి సీమలు రాజుగారివి. డిసెంబరులో పిఠాపురము దాపున చందుర్తి వద్ద ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాను ఓడిపోయి గుఱ్ఱముపై పరుగెత్తెను. రాజమహేంద్రవరము కూడ వశమయ్యెను. వెంటనే బందరుపైకి పోవలసిన సైన్యము ఏబది దినములు కదలలేదు. కారణమేమి? వర్షము కాదు, శత్రువు కాదు. రాజుగారు సొమ్ము చెల్లించలేదు. గెలిచిన సైన్యము చేత చిల్లిగవ్వ లేక గోదావరి ప్రాంతమున కూర్చుండెను. మరల లెక్కలు తిరగవ్రాసి, ఇచ్చునది అప్పుగా కుదుర్చుకొని, 1759 జనవరి చివర బయలుదేరిరి. ఏలూరులో మరల ఆగిరి. మార్చి మొదటి వారమునకు గాని బందరుకోట కంటబడలేదు.

ఫోర్డు కోటకు తూర్పున, సముద్రమునకును కోటకును నడుమనున్న ఇసుకనేలపై దండు దించెను. జాలరుల పల్లె యున్నచోట ఫిరంగి దిమ్మలు కట్టిరి. ఆ పల్లెవారు ఎక్కడికి పోయిరో ఏ గ్రంథములోను లేదు. ఈ యుద్ధమును అందరికంటె విపులముగా వ్రాసినవాడు రాబర్టు ఆర్ము అను కంపెనీ చరిత్రకారుడు. తరువాత 1883లో గోర్డను మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువలు వ్రాసెను. నా ఇంగ్లీషు మీకు తెలిసినదే. మన కుఱ్ఱవాండ్రు ఆ పుటలను తమ ఫోనులలో తెరచి చూపగా, నిఘంటువుతో కుస్తీ పట్టి చదివితిని. దిమ్మెల కొలతలున్నవి, గుండ్ల బరువులున్నవి. పల్లె ఇండ్లెన్నియో లేదు.

అంతలో మూడు కష్టములు మూకుమ్మడిగా వచ్చినవి. ఫోర్డు తన సొంత సొమ్మును, దొరల సొమ్మును, సైనికులకు పంచవలసిన దోపిడి సొమ్మును కూడ రోజు ఖర్చులకు వాడి యుండెను. అది తెలిసి తెల్ల సోల్జరులు ఆయుధములతో బారులు తీరి, మా సొమ్ము మాకిమ్ము, లేనిచో పోదుమనిరి. బ్రతిమాలి వారిని నిలిపిరి. రెండవది, వెనుక ఫ్రెంచి దళమొకటి రాజమహేంద్రవరమును మరల పట్టుకొనెను. మూడవది, మార్చి చివర సలాబతుజంగు 15,000 గుఱ్ఱపు దళముతోను, 20,000 కాల్బలముతోను వచ్చి బెజవాడలో విడిసెను.

ఇక్కడ కొంచెము ఆగుదము. బెజవాడలో విడిసెనని చరిత్రకారుడు ఒక్క వాక్యములో వ్రాసి ముందునకు పోయెను. నేను పోలేకపోయితిని. ఒక రాత్రి తెల్లకాగితము తీసికొని లెక్క వేసితిని. మనిషికి రోజుకు అరకిలో బియ్యము, గుఱ్ఱమునకు రెండు కిలోల ఉలవలు, ఇంతకంటె తక్కువ వేయుటకు వీలులేదు. 35,000 మందికి 17,500 కిలోలు. 15,000 గుఱ్ఱములకు 30,000 కిలోలు. వెరసి రోజుకు 47,500 కిలోలు. మన 75 కిలోల బస్తాలలో చెప్పవలెనన్నచో 633 బస్తాలు. బండికి పది బస్తాల చొప్పున ప్రతి ఉదయము 63 బండ్లు దండులోనికి పోవలెను. దీనిలో వంటవాండ్రు, గుఱ్ఱపువాండ్రు, బజారువారు, ఆడువారు, పిల్లలు లేరు. ఏనుగులు, ఎడ్లు లేవు. గడ్డి లేదు, కట్టెలు లేవు.

ఇది నా ఊహాలెక్కయే. కాని మరియొక సంగతి ఆలోచింపుడు. అది మనము నేడు చూచుచున్న డెల్టా కాదు. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి గాని పూర్తి కాలేదు. ఈ కాలువలు లేవు, రెండు పంటలు లేవు. వానకు పండినది పండినట్లు. లేనిచో జొన్న, చోళ్ళు. అది కూడ ఎండకాలము, కొత్త పంటకు నెలల వ్యవధి యున్న రోజులు. ఆ 633 బస్తాలు ఎక్కడినుండి వచ్చియుండును? బెజవాడకు దిగువనున్న ఊళ్ళనుండియే వచ్చియుండవలెను. వచ్చినవనుటకు నా వద్ద కాగితము లేదు. రాకున్నచో ఆ సైన్యము నిలువజాలదు. మన వృత్తిలో దీనిని తాళాసరి చూచుట యందురు. ఖర్చు కనబడినచో జమ ఎక్కడనో ఉండి తీరవలెను.

సలాబతుజంగు బెజవాడనుండి ఆనందగజపతికి తాకీదు పంపెను: తక్షణము ఇంగ్లీషువారిని విడిచి రమ్మని. రాజుగారు బెదరిరి. ఆ రాత్రియే మూటాముల్లె సర్ది, సైన్యముతో సహా ఇంటిదారి పట్టిరి. ఎప్పుడును మెల్లగా నడచు ఆ దండు ఆ ఒక్కరాత్రి తెల్లవారులోపల 16 మైళ్ళు నడచినదని ఆర్ము వ్రాసియున్నాడు. ఆ ముసలి దొర అక్కడ నవ్వినట్లు నాకు తోచినది. నాకును నవ్వు వచ్చినది. ఫోర్డు వర్తమానమంపి, ముందు ఫ్రెంచివారు, వెనుక నవాబు గుఱ్ఱములు, నడుమ నీవెక్కడికి పోదువని నచ్చజెప్పి మరల రప్పించెను. నవాబు వద్దకు దూతను పంపి కాలయాపన చేయుచు, ఫిరంగులు మాత్రము ఆపలేదు.

ఏప్రిల్ 7 నాటికి ఫిరంగులకు రెండు రోజులకు చాలినంత మందు మాత్రమే మిగిలినది. నవాబు సైన్యము బెజవాడనుండి కదలి దగ్గరకు వచ్చుచున్నది. ఓడలలో ఫ్రెంచివారికి సహాయము వచ్చునన్న వార్త యున్నది. ఫోర్డు ఆ రాత్రియే కోటపై పడుటకు నిశ్చయించెను. రాత్రి ఏల? ఆటుపోటుల లెక్క. నడిరేయికి పోటు తీసి అగడ్తలో నీరు మూడడుగులకు దిగును. సముద్రపు గడియారము చూచుకొని ముహూర్తము పెట్టిరన్న మాట. కోటకు నైరృతినున్న రొంపి దాట శక్యము కానిదని లోపలివారి ధీమా. కాని ఆ ప్రాంతపువారు దానిలో దిగి దాటుచుండుట దండులోని సేవకులు చూచి దొరలతో చెప్పిరి. యార్కు, నాక్సు అను ఇరువురు కెప్టెనులు రాత్రివేళ దిగి చూడగా మోకాటిలోతు అడుసే. అటునుండి నాక్సు సిపాయిలతో అల్లరి చేయవలెననియు, పట్టణపు కట్టవైపునుండి ఆనందగజపతి మనుష్యులు మొత్తవలెననియు, ఈశాన్యమున అసలు దెబ్బ తీయవలెననియు ఏర్పాటు. కోట తాళమును విప్పిన ఆ దారి చూపినది ఎవరు? చేపలకో, కట్టెలకో రొంపిలో దిగిన మనవారు. వారి పేర్లును లేవు.

యుద్ధ వర్ణనము నాకు చేతగాదు. ఒక్క ఘట్టము మాత్రము చెప్పెదను. యార్కు దళము బురుజులు పట్టుకొనుచు పోవుచుండగా, దారిలో ఒక మందుగుండు కొట్టు కనబడి, ఎవడో "సొరంగము, సొరంగము" అని కేక వేసెను. మహావీరులు వెనుకకు పరుగెత్తిరి. యార్కు ఒంటరిగా నిలిచెను. ఆయన ప్రక్కన నిలిచినవారు ఇద్దరు తప్పెట వాయించు బాలురు మాత్రమే. నల్లని బాలురని వ్రాసిరి గాని వారెవరి బిడ్డలో వ్రాయలేదు. దళము మరల వచ్చువరకు వారు కవాతు దరువు వాయించుచునే యుండిరి. తరువాత ఫిరంగి ప్రేలగా ఆ ఇద్దరును అక్కడనే కూలిరి. యార్కు రెండు తొడలకును గాయములైనవి, ఆయన బ్రతికెను. ఈ పుట చదివిన నాడు నేను పుస్తకము మూసి బయట అరుగు మీద చాలసేపు కూర్చుంటిని. అభిమన్యుని గూర్చి ఎన్ని పద్యములు మనకు నోటికి వచ్చును!

తెల్లవారకముందే కాన్‌ఫ్లాను లొంగిపోయెను. పట్టువడినవారు 500 మంది ఐరోపావారు, 2,537 మంది సిపాయిలు మొదలగువారు, ఫిరంగులు 120. కోటలో ఉన్నవారు కోటపై పడినవారికంటె ఎక్కువ.

ఇక నష్టపు లెక్క. దీనికొఱకే నేనింతసేపు మీ ఓర్పును పరీక్షించితిని. ఇంగ్లీషు పక్షమున ఐరోపావారు చనిపోయినవారు 22, గాయపడినవారు 62. సిపాయిలు చనిపోయినవారు 50, గాయపడినవారు 150. ఆనందగజపతి మనుష్యులు సిపాయిలకంటె ఎక్కువ నష్టపోయిరి, లొంగుబాటు వరకు పోరు విడువని వారిని కూడ స్మరింపవలెను అని ఆర్ము పెద్దమనసుతో ఒక వాక్యము వ్రాసెను. ఆ వాక్యములో అంకె లేదు.

ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసినవానిగా నేను ఒకటి చెప్పగలను. 22, 62 అనునవి తలలు లెక్కించిన అంకెలు. 50, 150 అనునవి నోటితో చెప్పిన అంకెలు. మాకు పై అధికారి తుపాను నష్టము సాయంకాలములోగా పంపుమన్నప్పుడు, ఊరు తిరిగి వ్రాసిన కరణము 47 ఇండ్లని వ్రాయును. తిరుగనివాడు 50 అని వ్రాయును. నేనును ఒకటి రెండుసార్లు 50 అని వ్రాసినవాడనే, అబద్ధమేల? కాబట్టి ఆ పుటలో నాలుగు గళ్ళు నాకు కనబడినవి. మొదటి గడిలో ఉన్నది ఉన్నట్లు. రెండవ గడిలో గుండుసున్న చివర నున్న అంకె. మూడవ గడిలో 'అంతకంటె ఎక్కువ' అను మాట. నాలుగవ గడి ఊళ్ళది, అది గీయనేలేదు.

ఫలము మాత్రము చక్కగా లెక్కకెక్కినది. మే 14న సలాబతుజంగు ఇంగ్లీషువారితో సంధి చేసికొని, బందరు, నిజాముపట్టణము మొదలగు సీమలను వ్రాసి ఇచ్చెను. తీరము వెంట 80 మైళ్ళు, లోపలికి 20 మైళ్ళు. ఏటికి 4 లక్షల రూపాయల రాబడి. దండు ఖర్చు నెలకు 56,000 చొప్పున ఏడు నెలలకు 3,92,000. అనగా ఏడు నెలల దండు ఒక యేటి సీమరాబడిని మ్రింగును. వడ్డీతో తిరిగి వచ్చుననియే గదా వర్తకుడు పెట్టుబడి పెట్టును! సంధికి ముందే, ఏప్రిల్ 15న ఫ్రెంచి ఓడలు రెండు 300 మందితో బందరు ఎదుట లంగరు దించి, కోట పోయినదని తెలిసికొని వెడలిపోయెను. వారము ఆలస్యము. ఆనందగజపతి మరుసటి యేడే మరణించెను.

తరువాత నూరేండ్లు బందరుకోట కంపెనీ దండునకు నిలయమైనది. ఆ కథ చాల భాగము కవాతులు, జ్వరములు. ఒకటి మాత్రము మా వృత్తికి సంబంధించినది. 1809 జూన్‌లో అక్కడి ఐరోపా పటాలము దొరలు తమ పై అధికారినే నిర్బంధించిరి. మదరాసు గవర్నరు బార్లో పంపగా మాల్కము వచ్చి బుజ్జగించవలసి వచ్చెను. ఆ పటాలమును ముక్కలు చేసి ఓడలపైకి పంపుదురన్న వదంతి దగ్గరి కారణము. మదరాసు దొరలందరి లోపలి మంటకు మూలము డేరాలు! దళాధిపతులకు డేరాల ఖర్చుక్రింద నెలనెల ముట్టుచుండిన సొమ్మును 1808లో ప్రభుత్వము ఆపివేసినది. దండు విడిచినను విడువకున్నను డేరాల సొమ్ము ముట్టుచుండెడిదట. మస్టరు రోళ్ళు చూచినవారికి ఇది క్రొత్త కాదు.

1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన వచ్చి బందరును ముంచివేసినది. సముద్రము 17 మైళ్ళ వరకు లోపలికి వచ్చిన చోట్లున్నవి. చనిపోయినవారు 30,000 అందురు. ఇదియు గుండు అంకెయే. ఎవరు లెక్కింపగలరు? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన నాడు నేను చిన్నవాడను. మా నాయనగారు వారము దినములు ఇంటికి రాలేదు, వచ్చిన తరువాత ఆ జాబితాలను గూర్చి ఒక్క మాట చెప్పలేదు. 1864 ఉప్పెన తరువాత బందరు కోటలో దండును ఎత్తివేసిరి. ఫిరంగులు లేక, కంపెనీ లేక కోట మట్టిలో కలసినది. 2023లో బందరులో క్రొత్త రేవునకు పనులు ప్రారంభమైనవి.

ఆ బాలుడు నన్ను మరల అడుగవచ్చును: ఇది రెండు వందల అరువది యేండ్లనాటి మాట గదా, నాలుగవ గడి ఇప్పుడెవరు పూరింతురని. పూరింపలేము. కాని దగ్గరనే మరియొక గడి యున్నది. దానిని చెరిపినది నేనే.

1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసినవి. తీరమువారు లోపలి ఊళ్ళకు వలసపోయిరి. ఆ యుద్ధకాలముననే గన్నవరము సైనిక స్థావరమయ్యెను. నేడు మనము విమానమెక్కు చోటు అదియే. మా తాతగారు ఆ సంవత్సరములలో ఊరి బండ్లు, ఊరి ధాన్యము దండు పనులకు పోయిన లెక్కను వేరే పుస్తకములలో వ్రాసి యుంచిరి. సర్కారు లెక్క కాదు. తమ తృప్తికొఱకు వ్రాసికొన్నది. ఎవరి బండి, ఎన్ని దినములు, ఎంత ముట్టినది, ఎంత ఎగవేసిరి. చిన్ననాడు ఆ నల్ల అట్టల పుస్తకములను చూచినాను. 1996లో పాత పెంకుటిల్లు విప్పునప్పుడు అటకమీది కట్టలన్నియు క్రిందికి దించి, చెదలు పట్టినవని, పాత కాగితములు కొనువాడు రాగా తూచి ఇచ్చితిని. నాకు అప్పుడు ఇరువది యారేండ్లు. వాడు త్రాసు ఎత్తి చూపించి సొమ్ము ఇచ్చెను. ఆ సొమ్ముతో కొత్త గుమ్మమునకు మేకులు కొంటిని. మా నాయనగారు సాయంకాలము వచ్చి ఖాళీ అటకను చూచి ఏమియు అనలేదు. అనియున్నచో నాకు సుఖముగా నుండెడిది.

అందులో ఒక్క కాగితము మిగిలినది. గోడలో దూలము సందున ఇరికియుండగా తాపీ మేస్త్రి తీసి ఇచ్చెను. గన్నవరమునకు మన్ను, కంకర తోలిన పదునాలుగు బండ్ల జాబితా అది. ఒక్కొక్క పేరునకు ఎదురుగా దినములు, కిరాయి. పదకొండు పేర్లకు ఎదురుగా 'చెల్లు' అని యున్నది. మూడు పేర్లకు ఎదురుగా 'రాలేదు' అని యున్నది. ఆ మూడింటిలో ఒక పేరు క్రింద తాతగారు చిన్న అక్షరములతో 'ఎద్దు చనిపోయినది' అని వ్రాసిరి. ఆ పదునాలుగురి మనుమలలో తొమ్మండుగురు ఈ సభలో ఉన్నారని నా లెక్క. గుండు అంకె కాదు. వచ్చునప్పుడు గుమ్మము వద్ద నిలుచుండి చూచితిని.

ఇట్టి కాగితములు ఇంకను కొన్ని ఇండ్లలో ఉండవచ్చును. పాత పద్దు పుస్తకములు, మిల్లు రసీదులు, కార్డులు, రంగూనునుండి వచ్చిన జాబులు, పటాలములో చేరినవారి డిశ్చార్జి కాగితములు. కార్యదర్శిగారు తూర్పుగోడ ప్రక్క బీరువాలో మూడవ అర ఖాళీ చేయించిరి. ఇచ్చువారు ఇవ్వవచ్చును, ఇవ్వ మనసొప్పనివారు ఆదివారము ఉదయము తెచ్చినచో నేను కూర్చుండి నకలు వ్రాసి, అసలు తిరిగి ఇచ్చెదను. తాతగారి కాగితమును ఇప్పుడు అధ్యక్షులవారి చేతికిచ్చుచున్నాను. మడతల వద్ద చిరిగి యున్నది, దయచేసి మెల్లగా విప్పవలెను.